పళ్ళు ఫొటోలకేనా?

మా అత్తగారికి ఈమధ్య భక్తి ఎక్కువైందని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. మొదట ఏకాదశి ఒక్కటే ఉండేది. తర్వాత శనివారాలు చేరాయి, ఆపైన సోమవారాలు. పెళ్ళిళ్ళకి వెళితే "బయటి తిండి నాకు పడదమ్మాయ్" అని గ్లాసుడు మజ్జిగ తాగి లేచేవారు. నాలుగు కథలు రాసి, మనుషుల్ని గమనించడమే నా పని అని చెప్పుకు తిరిగే నేనూ ఏమీ గమనించలేదు. గమనించింది మా తొమ్మిదేళ్ళవాడు.

"అమ్మా, అందరూ పళ్ళతో తింటారు కదా, నానమ్మెందుకు పళ్ళు తీసేసి తింటుంది?" అన్నాడు.

వెళ్ళి చూద్దును కదా, వంటింటి గట్టు మీద గిన్నెలో కట్టుడు పళ్ళు, పీట మీద అత్తగారు, కంచంలో చారన్నం పిసికి జారుడుగా చేసుకుని చిగుళ్ళతో నలుపుకుని మింగుతున్నారు. కూర ముక్కలన్నీ కంచం అంచున వరసగా పెట్టి ఉన్నాయి. నన్ను చూసి చెంగు అడ్డం పెట్టుకున్నారు. ఎనిమిదేళ్ళ క్రితం చేయించిన సెట్టు అది. ఎవరైనా వస్తే పెట్టుకోవడం, భోజనానికి తీసేయడం. అంటే పళ్ళు ఫొటోలకీ పేరంటాలకీ, ఆకలికి మాత్రం చిగుళ్ళు!

"చెప్పొచ్చు కదా అత్తయ్యా" అన్నాను. "ఏం చెప్పనే, కింది పలక నాలిక కదిపితే లేచిపోతుంది. దాని కింద మెతుకు దూరిందా, సూది గుచ్చినట్టే. ఈ వయసులో మళ్ళీ పళ్ళకి డబ్బులు తగలెయ్యమంటానా" అన్నారు.

మా పక్కింటావిడ కూతురు పంపిన అంటించే క్రీము ట్యూబొకటి ఇచ్చింది. మొదటి రోజు అత్తగారు పప్పుచెక్క కొరికి, నావైపు విజయగర్వంతో చూశారు. సమస్య తీరిపోయిందని నేనూ చేతులు దులుపుకున్నాను. కానీ నెల తిరిగేసరికి, నెలంతా రావలసిన ట్యూబు వారానికే అయిపోతోంది. పలక నిండా మెత్తితే గానీ నిలబడటం లేదు. అన్నం తిన్నా జిగురు తిన్నట్టే ఉందంటారు. అప్పుడు గానీ పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని నాకు తోచలేదు.

అక్కడ తెలిసింది అసలు సంగతి. పన్ను పోయాక దాన్ని పట్టుకున్న దవడ ఎముకకి పనుండదు, అరిగిపోవడం మొదలెడుతుంది. మొదటి ఏడాది ఎక్కువ, తర్వాత నెమ్మదిగానే గానీ ఆగదు. పై దవడ కంటే కింది దవడ దాదాపు నాలుగింతలు అరుగుతుందట. పైపలక అంగిలికి ఆనుకుని తడితో పట్టుకుంటుంది. కిందిదానికి ఆ ఆసరా లేదు, పైగా నాలిక, బుగ్గలు నెడుతుంటాయి. ఎముక అరిగినా పలక అలాగే ఉంటుంది కాబట్టి మధ్యన సందు ఏర్పడుతుంది. ఆ సందుని మా అత్తగారు క్రీముతో పూడుస్తున్నారన్నమాట! బీపీ మాత్రల్లో కొన్నిటివల్ల నోరు ఎండిపోతుంది, దాంతో పట్టు మరింత తగ్గుతుంది.

క్రీము చెడ్డదని నేననను. తడి తగలగానే ఉబ్బి జిగురుగా మారి పలక కదలకుండా ఆపుతుంది, నమలడం తేలికవుతుంది. వేరుశనగ గింజలో క్యారెట్ ముక్కలో నమిలించి, నలిగినదాన్ని జల్లెడ పట్టి కొలిచే పరీక్షలు కూడా ఉన్నాయి. అయితే ఎంత బాగా కుదిరిన సెట్టుకైనా కొరికే బలం సొంత పళ్ళతో పోలిస్తే నాలుగో వంతో ఐదో వంతో. వదులైన సెట్టుకి జిగురు పూస్తే అది సరైన సెట్టు అయిపోదు. శుభ్రం చేసి ఆరిన పలక మీద శనగగింజంత చుక్కలు మూడు నాలుగు పెట్టాలి, అంతే. రాత్రి పళ్ళు తీసి, జిగురంతా కడిగి, మామూలు నీళ్ళలో ఉంచాలి.

వారానికో ట్యూబంటే ముచ్చట కాదు సుమా. 2008లో అమెరికా వైద్యులు నలుగురు రోగుల గురించి రాశారు. వారానికి రెండు, అంతకుమించి ట్యూబులు వాడినవాళ్ళు. ఆ క్రీములోని జింకు ఎక్కువై ఒంట్లో రాగి తగ్గి, నరాలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత కొన్ని కంపెనీలు జింకు తీసేశాయి. ఇప్పుడు జింకు లేనివి దొరుకుతున్నాయి, పెట్టె మీద చూసి కొనండి.

నాకు కోపం వచ్చేది క్రీము మీద కాదు. మా మామగారికి ఆయన ఉన్నన్నాళ్ళలో రెండుసార్లు పళ్ళ సెట్టు మార్పించాం. ఆయన కంచం ముందు విసుక్కునేవారు, మేం పరిగెత్తేవాళ్ళం. ఈవిడ విసుక్కోలేదు, ఉపవాసాలు పెంచుకున్నారు, అంతే తేడా! పిల్లల పళ్ళు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే తీగలు కట్టించడానికి అప్పయినా చేస్తాం. పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "మెత్తగా వండిపెడితే సరిపోదూ" అంటాం. నేనూ అన్నాను. ఏం మెత్తగా? ఇడ్లీ, ఉప్మా, చారన్నం. కూరలు, ఆకుకూరలు, గింజలు, పళ్ళు అన్నీ అంచున వరసగా మిగిలిపోతాయి. చక్కెర ఉన్న మనిషికి ఆ మెత్తని తిండి ఎంత హానో తెలిసీ పెట్టాం. సినిమాల్లో తాతగారి పళ్ళు ఊడి పడితే హాలంతా నవ్వుతుంది. ఇంట్లో ఆ పళ్ళు గిన్నెలో పడి ఉంటే ఎవరికీ కనిపించదు.

మావారు మొదట "ఉన్న సెట్టుకే అంత పోశాం" అన్నారు. పళ్ళు తీసిన తల్లి పక్కన ఒక పూట కూర్చుని తినమన్నాను. తిన్నారు, మర్నాడే బయల్దేరారు. పలక లోపల కొత్త పొర వేసి కొలతకి సరిచేశారు. దీన్ని రీలైనింగ్ అంటారు, కొత్త సెట్టంత ఖర్చు లేదు. హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. డబ్బుకి వెనకాడేవాళ్ళు ముందు అక్కడ అడిగి చూడొచ్చు.

ఇప్పుడు మా అత్తగారు ములక్కాడ నమలలేరు, ఆవకాయ టెంక జోలికి పోరు. జామకాయ సన్నగా తరిగిస్తే తింటారు, ముందుపళ్ళతో కొరక్కుండా, రెండు వైపులా కొంచెం కొంచెంగా. క్రీము పెళ్ళిళ్ళకి, జంతికలకి మాత్రమే. శనివారాలు, సోమవారాలు వాటంతట అవే ఎగిరిపోయాయి.

మొన్న పొద్దున్నే స్నానం చేసి, కాఫీ మాత్రం తాగి కూర్చున్నారు. నాకు గుండె ఝల్లుమంది. "అత్తయ్యా, మళ్ళీ ఉపవాసమా? పళ్ళు నొప్పిగా ఉన్నాయా?" అన్నాను.

"ఏకాదశే పిచ్చిదానా, ఇది నిజంది" అన్నారు.