మాత్రతోనే ముదిరే తలనొప్పి

తలనొప్పి రాని ఇల్లంటూ ఉండదు. కనుకనే దానిని ఎవరూ వ్యాధిగా లెక్కించరు. ఇంటి ఇల్లాలు తలకు గుడ్డ బిగించి కట్టుకుని, దుకాణం నుంచి తెప్పించిన మాత్ర ఒకటి మింగి, తిరిగి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోతుంది. అడిగితే "సబర్ చేస్తున్నాను" అంటుంది. ఈ సహనం గురించే నేడు కొంత ముచ్చటించదలిచాము.

తలనొప్పులన్నీ ఒకటి కావు. పట్టీ బిగించినట్లు తలకు రెండు వైపులా ఒత్తిడిగా ఉండేది ఒక రకం. ఆందోళన, అలసట, నిద్రలేమి దానికి తోడవుతాయి. తరచుగా ఒక పక్కనే పోటు పొడుస్తూ, వికారం కలిగిస్తూ, వెలుతురునూ చప్పుడునూ భరించనీయనిది మైగ్రేన్. మన ఇళ్ళలో ఆధాసీసీ అనీ, యూనానీ వైద్యంలో షఖీఖా అనీ పిలిచేది దీనినే. మందు వాడకపోతే పెద్దవారిలో ఇది 4 గంటల నుంచి 72 గంటల వరకు ఉండవచ్చు. పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ. దైవప్రవక్త (స) ఇహ్రామ్ స్థితిలో ఉండగా ఈ నొప్పికే తలపై హిజామా చేయించుకున్నారని సహీహ్ బుఖారీలో ఉంది. చికిత్స కోరడం సహనానికి విరుద్ధం కాదని దీనివల్ల గ్రహించాలి.

అయితే చికిత్స వేరు, మాత్రల అలవాటు వేరు. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలను నెలకు 15 రోజులు, కెఫీన్ కలిసిన మిశ్రమ మాత్రలను 10 రోజులు, లేదా అంతకు మించి మూడు నెలలకు పైగా వాడితే, ఆ మాత్రలే తలనొప్పిని పెంచి పోషిస్తాయి. నొప్పికి మాత్ర, మాత్రకు నొప్పి అన్నట్లు సాగుతుంది. అందుచేత నొప్పి వచ్చిన రోజు, వేసుకున్న మాత్ర, తిన్న వేళ, నిద్రించిన గంటలు ఒక పుస్తకంలో రాసుకోండి. నెల తరువాత దానిని వైద్యునికి చూపండి. నొప్పి రాకముందే నివారించే మందులూ ఉన్నాయి; అవి ఎవరికి తగునో నిర్ణయించవలసినది ఆయనే.

రమజాన్‌లో మొదటి రోజుల్లో వచ్చే తలనొప్పికి చాలామందిలో చాయ్ ఒక్కసారిగా మానడమూ ఒక కారణమే. రెండు వారాల ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ రావాలి. సహరీ మానరాదు. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు నీరు తగినంత తాగాలి. వ్యాధి తీవ్రమైతే ఉపవాసం విరమించి, తరువాతి దినాల్లో పూర్తిచేసుకునే అనుమతిని దివ్య ఖుర్ఆన్ అల్ బఖర సూరాలోనే ఇచ్చింది. ఆ సౌలభ్యాన్ని వినియోగించుకోవడానికి సంకోచించవద్దు.

పిడుగు పడినట్లు హఠాత్తుగా వచ్చిన భరించరాని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, కాలుచేతులు పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలిన పిమ్మట పెరిగే నొప్పి కనిపిస్తే పుస్తకం, మాత్ర అన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. యాభై దాటాక తొలిసారిగా మొదలైన తలనొప్పినీ ఉపేక్షించరాదు.

సోదరులారా! మీ ఇంట్లో నెలకు ఎన్ని తలనొప్పి మాత్రలు ఖర్చవుతున్నాయో, అవి ఎవరు మింగుతున్నారో ఈ రోజే కనుక్కోండి.