నిద్రగన్నేరు కాయను చెత్తపాలు చేయకండి



వేసవిలో రోడ్ల ప్రక్కన నిద్రగన్నేరు చెట్ల క్రింద ముదురు గోధుమరంగు కాయలు రాలి పడియుండుట మీరు చూచియే యుందురు. వచ్చే పోయే బండ్లు వాటిని నలగగొట్టును. మిగిలినవి ఊడ్చి చెత్తలో కలుపుదురు. ఆ రోడ్డు మీదుగానే మనము ఎండుగడ్డి కొనుటకు పొరుగూరికి పోవుచుందుము. ఇది వివేకమేనా?

ఈ చెట్టు తుమ్మకు, సీమచింతకు చుట్టము. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తరభాగము దీని పుట్టినిల్లు. 1800లో హంబోల్ట్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు వెనిజులాలో ఈ జాతి చెట్టునొకదానిని చూచి, దాని కొమ్మల గొడుగు చుట్టుకొలత 576 అడుగులని వ్రాసెను. సాయంత్రమైనను, మబ్బు పట్టినను దీని ఆకులు ముడుచుకొనును. అందుచే వాననీరు క్రిందికి దిగి, చెట్టు క్రింద పచ్చిక పెరుగును. వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నిలుపును. రాలిన ఆకు మంచి ఎరువగును.

కాయలోని గుజ్జు తియ్యగా నుండును. పశువులు, మేకలు ఇష్టముగా తినును. అయితే గింజ మిక్కిలి గట్టిది. నమలకుండ మింగినచో పేడలో అట్లే బయటపడును. దానిలోని మాంసకృత్తులు పశువుకు దక్కవలెనన్న కాయను బాగుగా ఎండబెట్టి, గింజతోసహా దంచి, గడ్డితో కలిపి కొద్ది కొద్దిగా అలవాటు చేయవలెను. బూజు పట్టిన కాయను ఎన్నడును పెట్టరాదు.

“దీని నీడలో పైరు ఎదగదు, గాలివానకు కొమ్మలు విరుగును” అని కొందరందురు. నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖపట్టణములో పెద్ద పెద్ద చెట్లెన్నో నేలకూలినవి. కాని అది చెట్టు తప్పు కాదు, చోటు తప్పు. పొలము గట్టున, ఇంటి ప్రక్కన, కరెంటు తీగల క్రింద దీనిని నాటరాదు. పశువులు మధ్యాహ్నము నిలుచు బీటిలో, సంత జరుగు విశాలమైన స్థలములో నాటుడు.

ఉన్న చెట్టును నరుకుటకు ఒక పూట చాలును. అంతటి నీడ మరల రావలెనన్న ఎన్నో ఏండ్లు పట్టును. కావున గొడ్డలి ఎత్తుటకు ముందు ఒక్క వేసవి పాటు ఆ చెట్టు కాయలను ఏరి తూచి చూడుడు. ఆ తరువాత మీరే నిర్ణయించుకొనుడు.