హీటర్ కోర్ మార్చే ముందు రెండు గొట్టాలు తాకి చూడండి

మనవాళ్ళది ఓ విచిత్రం. ఆఫీసులో లాగ్ చూడకుండా కోడ్ ముట్టుకున్నవాణ్ణి తిడతాం. బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం మెకానిక్ ఏ పార్టు పేరు చెబితే దానికి తలూపేస్తాం.

మిన్నెసోటాలో ఉండే మా ఫ్రెండొకడు పాత పికప్ ట్రక్కు కొన్నాడు. చలికాలం వచ్చేసరికి హీటర్లోంచి గోరువెచ్చటి గాలే. షాపువాడు బానెట్ ఎత్తకుండానే "హీటర్ కోర్ పోయింది, డాష్‌బోర్డు విప్పాలి" అన్నాట్ట. పార్టు ఖరీదు ఎంతో ఉండదు, వాత పెట్టేది కూలీ.

అసలు హీటరంటే ఏముందండీ? ఇంజను దగ్గర వేడెక్కిన కూలెంటు ఓ చిన్న రేడియేటర్లోంచి పోతుంది, దాని మీదుగా ఫ్యాను గాలి తోస్తుంది. అంతే. ముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడే కూలెంటు సరిపడా ఉందేమో చూడండి (వేడి మీద మూత తీస్తే మొహం కాలుద్ది). తర్వాత హీటర్ ఫుల్లుగా పెట్టి కాసేపు నడిపి, ఇంజను ఆపి, క్యాబిన్లోకి వెళ్ళే రెండు గొట్టాలూ జాగ్రత్తగా తాకండి. రెండూ బాగా వేడిగా ఉంటే కోర్ మీద అనుమానం అనవసరం, లోపల గాలిని మళ్ళించే తలుపు ఇరుక్కుని ఉండొచ్చు. ఒకటి వేడి, ఒకటి చల్లనా? కోర్ పూడుకుంది, లేదా వాల్వు తెరుచుకోవట్లేదు. పూడిక అయితే తక్కువ ప్రెషర్‌తో నీళ్ళు ఎదురు పంపి కడిగి చూడొచ్చు. రెండూ గోరువెచ్చగా ఉండి టెంపరేచర్ ముల్లు కూడా పైకి లేవకపోతే, ముందు థర్మోస్టాట్‌ని అనుమానించాలి. మావాడిదదే. 90 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర్లో తెరుచుకోవాల్సింది ఎప్పుడూ తెరిచే ఉంది.

క్యాబిన్లో తియ్యటి వాసన, అద్దం లోపల జిడ్డు పొర, కాళ్ళ దగ్గర తడి ఉంటే మాత్రం కోర్ కారుతున్నట్టే. అప్పుడు షాపువాడితో వాదించకండి, విప్పనివ్వండి.