వెలగని కంప్యూటరును వెంటనే షాపుకు మోయకండి

ఇంట్లోనే కంప్యూటరు కూర్చుకోవడం ఇప్పుడు పెద్ద వింత కాదు. పెట్టె, మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ, పవర్ సప్లై విడివిడిగా కొని తెచ్చుకుంటే, ఒక స్క్రూడ్రైవరుతో ఒక ఆదివారంలో బిగించేయవచ్చు. చిక్కంతా ఆ సాయంత్రం బొత్తాం నొక్కినప్పుడు వస్తుంది. ఫ్యాను తిరగదు. లేదా ఫ్యాను తిరుగుతుంది గాని తెర మీద ఏమీ రాదు. ఎన్నాళ్లుగానో కూడబెట్టిన డబ్బు బూడిదయిందేమోనని గుండె జారిపోతుంది. ఇంట్లోవాళ్లు "చెప్తే విన్నావా?" అంటారు. చూడవచ్చినవాళ్లు "మదర్‌బోర్డు పోయుంటుంది, మార్చేయ్" అంటారు. నా తగాదా ఈ రెండో మాటతోనే.

"పోయుంటుంది" అన్నది ఊహ. ఊహ చేయడం తప్పేమీ కాదు, సైన్సంతా ఊహతోనే మొదలవుతుంది. కాని పరీక్షించని ఊహ మీద వేలు ఖర్చు పెట్టడం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. పొలంలో బోరు మోటారు తిరగకపోతే రైతు ఏం చేస్తాడో చూడండి. వెంటనే పైపులన్నీ ఊడదీసి మోటారును పైకి లాగడు. కరెంటు ఉందా, ఫ్యూజు ఉందా, స్టార్టరు పట్టుకుంటోందా అని వరసగా చూసుకుంటూ పోతాడు. తేలికగా చూడగలిగింది ముందు, కష్టమైనది చివర. కంప్యూటరు దగ్గర మాత్రం చదువుకున్నవాళ్లు కూడా ఈ తెలివిని పక్కన పెట్టేస్తారు!

ఇంతకీ బొత్తాం నొక్కితే లోపల ఏం జరుగుతుంది? ప్లగ్గు పెట్టి వెనక స్విచ్చి వేయగానే, బొత్తాం నొక్కకముందే, పవర్ సప్లై 5 వోల్టుల చిన్న ప్రవాహాన్ని మదర్‌బోర్డుకు ఇస్తూ ఉంటుంది. చాలా బోర్డుల మీద అందుకే ఒక చిన్న దీపం వెలుగుతుంది. బొత్తాం నొక్కగానే బోర్డు పవర్ సప్లైకి "లే" అని కబురు పంపుతుంది. అది 3.3, 5, 12 వోల్టులను తయారు చేసి, అవి నిలకడగా ఉన్నాయని తేలాక, సుమారు సెకనులో పదో వంతు నుంచి అర సెకను లోపల, "అంతా సరే" అని తిరుగు సంకేతం ఇస్తుంది. అప్పటిదాకా ప్రాసెసరును నిద్రలోనే ఉంచుతారు. నిద్ర లేచిన ప్రాసెసరు తన తొలి ఆదేశాన్ని ఒక నిర్ణీత చిరునామాలో వెతుక్కుంటుంది. 1978లో వచ్చిన 8086 ప్రాసెసరులో ఆ చిరునామా 1 మెగాబైటు మెమరీకి చివరి అంచు నుంచి 16 బైట్లు వెనక ఉండేది. అక్కడ నుంచి బోర్డు మీది చిప్పులో ఉన్న ప్రోగ్రాము మెమరీని, తెరను, డిస్కును ఒక్కొక్కటే పలకరిస్తుంది.

ఇది గొలుసు అన్నమాట. మనం అడగవలసిన ప్రశ్న "ఏ భాగం పోయింది?" అని కాదు, "గొలుసు ఎంతదాకా వచ్చి ఆగింది?" అని. ఈ ప్రశ్నకు యంత్రమే జవాబు చెబుతుంది.

ఏమీ కదలడం లేదనుకోండి. గోడ సాకెట్టులో ఒక టేబులు దీపం పెట్టి చూడండి. పవర్ సప్లై వెనక స్విచ్చి చూడండి. నవ్వకండి, పెద్ద పెద్దవాళ్లే దాన్ని మరిచిపోతారు. తరువాత పెట్టె ముందు బొత్తాం నుంచి వచ్చే సన్నని తీగలు. బోర్డు మీద వాటి సూదులు బియ్యపు గింజలంత ఉంటాయి, పక్క సూదికి తగిలించడం చాలా సులభం. బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ చూసి, బొత్తాం తాలూకు రెండు సూదులను గుర్తు పట్టి, తీగ తీసేసి, వాటిని మాత్రమే స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం కలిపితే చాలు. కంప్యూటరు లేచిందా? అయితే దోషం తీగలోనో బొత్తాంలోనో ఉంది. మదర్‌బోర్డు మార్చమన్నవాళ్లు ఇప్పుడేమంటారు?

ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతే మరో సంగతి. ఎక్కడో విద్యుత్తు అడ్డదారి పట్టి, పవర్ సప్లై తనను తాను కాపాడుకుంటూ ఉండవచ్చు. పెట్టెలో బోర్డును ఎత్తి ఉంచే పొట్టి ఇత్తడి మర ఒకటి రంధ్రం లేని చోట బిగిస్తే, అది బోర్డు వెనక టంకాలకు తగులుతుంది. ప్లగ్గు తీసి, బోర్డును బయటకు తెచ్చి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. మెరిసే సంచి మీద పెట్టకండి, దాని పైపొర విద్యుత్తును పోనిస్తుంది. ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క మెమరీ ముక్క మాత్రం ఉంచి పవర్ సప్లై తగిలించి ప్రయత్నించండి. లేస్తే చిక్కు పెట్టెలోనో, తీసేసిన భాగాల్లోనో ఉంది. ఒక్కొక్కటే తిరిగి చేర్చుతూ పోతే దొంగ దొరుకుతాడు.

ఫ్యాన్లన్నీ తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే, ప్రాసెసరుకు విడిగా వెళ్లే 12 వోల్టుల తీగ బోర్డు పైమూలలో తగిలించారా? మెమరీ ముక్క టక్కున కూర్చుందా? తెర తీగను గ్రాఫిక్స్ కార్డుకు పెట్టవలసింది బోర్డుకు పెట్టారా? ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే దానికి తనంతట తాను బొమ్మ చూపే శక్తి లేదు. ఇప్పటి బోర్డుల్లో చాలావాటిమీద నాలుగు చిన్న దీపాలుంటాయి. ప్రాసెసరుకు, మెమరీకి, తెరకు, డిస్కుకు ఒక్కొక్కటి. ఏది వెలిగి ఆగిపోతే గొలుసు అక్కడ తెగిందన్నమాట.

ఇక్కడ ఒక తమాషా ఉంది. డిడిఆర్5 రకం మెమరీ పెట్టిన కొత్త కంప్యూటరు మొదటిసారి లేచేటప్పుడు, బోర్డు ఆ మెమరీతో సంకేతాల వేగాన్ని, కాలాన్ని సరిచూసుకుంటుంది. అందుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర చీకటే. ఓపిక లేనివాడు అర నిమిషానికే ఆపేసి మళ్లీ వేస్తాడు. పాపం, యంత్రం మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటరుకు ఇలా చావు తీర్పు చెప్పేవాళ్లు తక్కువేమీ కాదు.

"షాపువాడైతే భాగాలు మార్చి పది నిమిషాల్లో తేల్చేస్తాడు" అనవచ్చు. నిజమే. అతని అరలో పనిచేస్తాయని తెలిసిన భాగాలుంటాయి, కనుక అతను మార్చి చూడడం కూడా మంచి పరీక్షే. మన ఇంట్లో ఆ అర లేదు. కొత్త భాగం కొని పరీక్షించడం మనకు గిట్టదు. మన చేతిలో ఉన్నవి ఒక నోటుపుస్తకం, ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్న నియమం. రెండు తీగలు ఒకేసారి కదిపాక కంప్యూటరు లేస్తే, ఏది కారణమో ఎలా తెలుస్తుంది? 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు మార్క్ 2 కంప్యూటరు రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది. అక్కడివాళ్లు దాన్ని తీసి పారేయలేదు, రోజువారీ పుస్తకంలో అంటించి పక్కన రాశారు. అందుకే ఆ సంగతి మనదాకా వచ్చింది.

"పిల్లలు కరెంటుతో ఆడడమేమిటి?" అని పెద్దలు అంటారు. ఆ మాటలో సగం నాకు సమ్మతమే. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. అందులోకి 230 వోల్టులు వస్తాయి, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఆవేశం మిగిలి ఉంటుంది. దాని బయట బోర్డుకు చేరేది 12 వోల్టులకు మించదు. ఏ భాగం తీసినా పెట్టినా ముందు ప్లగ్గు తీయాలి. పక్కన ఒక పెద్దవారుంటే ఈ పని పిల్లలు హాయిగా చేయవచ్చు.

1975 జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. దాన్ని విడిభాగాలుగా తెప్పించుకుని టంకం వేసి కూర్చుకున్నవారెందరో. తెర లేదు, కీబోర్డు లేదు, స్విచ్చులూ దీపాలే. ఆ మార్చిలోనే కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, ఒక ఇంటి కారు షెడ్డులో, ఇలాంటివాళ్లు చేరి హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు పెట్టుకున్నారు. తొలి సమావేశానికి వచ్చిన స్టీవ్ వోజ్నియాక్ మరుసటి సంవత్సరానికి ఆపిల్ 1 తయారు చేశాడు.

అలాంటి క్లబ్బుకు కావలసిన సామాను బడుల్లో లేదా? మూలగదిలో దుప్పటి కప్పి ఉంచిన పాత కంప్యూటర్లు ఎన్ని బడుల్లో లేవు! వాటిని పారేసేలోగా పిల్లలకు ఇవ్వాలని నా వాదన. ఒక మల్టీమీటరు కొంటే చాలు. 12 వోల్టుల తీగ 11.4కూ 12.6కూ మధ్య చూపాలని నేర్పితే వోల్టేజి పాఠం అక్కడే అయిపోతుంది. నడుస్తున్న యంత్రం ఒకటి ఉంటే ఆట కూడా ఆడించవచ్చు. ఒక జట్టు ప్లగ్గు తీసి రహస్యంగా ఒక దోషం పెడుతుంది, రెండో జట్టు దాన్ని పట్టుకోవాలి. మెమరీ ముక్క వదులు చేయవచ్చు, బొత్తాం తీగ పక్క సూదికి మార్చవచ్చు, డిస్కు తీగ ఊడదీయవచ్చు. ప్రాసెసరు జోలికీ, దాని ఫ్యాను జోలికీ, పవర్ సప్లై పెట్టె జోలికీ పోకూడదు. దోషమేమిటో మొదటి జట్టు ఒక చీటీ మీద రాసి మాస్టారికి ఇవ్వాలి. రెండో జట్టు ఒక్కో పరీక్షకు ముందు ఏమవుతుందనుకుంటున్నదో రాయాలి. రాయకుండా తీగ ముట్టుకుంటే ఒక మార్కు పోయినట్టే.