మండువేసవిలో మందార: ఎండ, నీటి సిఫారసులను సవరించవలసిన అవసరం

మందార పెంపకం గురించి గృహస్థులకు తరచుగా అందే సలహా రెండు మాటలలో ముగుస్తుంది: రోజంతా ఎండ తగిలే చోట నాటాలి, వేసవిలో ప్రతిరోజూ నీరు పోయాలి. వెలుతురు చాలని మందార పూయదన్నది నిజమే. పూమొగ్గలు కొత్త చిగుళ్లపైనే వస్తాయి, చిగురు పెరగడానికి ఎండ తప్పనిసరి. అయితే రోజుకు ఇన్ని గంటల ఎండ అని లెక్కగట్టే పద్ధతి ఎండ కొరవడే సమశీతోష్ణ దేశాలకు సరిపోయేది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకొనే ప్రాంతంలో ఎన్ని గంటలన్న దానికంటే ఏ గంటలన్నదే ముఖ్యం.

ఉదయం నుండి పదకొండు గంటల వరకు పడే ఎండ వేసవిలో పూతకు సరిపోతుంది. పడమటి గోడ వారగా నాటిన మొక్కకు మధ్యాహ్నపు ఎండతో పాటు గోడ నుండి వెలువడే వేడి కూడా రాత్రి వరకు తగులుతూనే ఉంటుంది. అటువంటి చోట ఆకుల అంచులు మాడడం, మొగ్గలు విచ్చకముందే రాలడం సహజం. మొగ్గ రాలినంత మాత్రాన తామర పురుగులనో పిండినల్లినో అనుమానించి మందు పిచికారీ చేయించడం తొందరపాటు. మొగ్గలను, ఆకుల అడుగుభాగాన్ని పరిశీలించి పురుగు లేదని తేలితే వేడినీ, నేల తేమలోని హెచ్చుతగ్గులనూ ముందుగా విచారించాలి.

నీటి విషయంలో ఇంతకంటే పెద్ద పొరపాటు జరుగుతున్నది. మిట్టమధ్యాహ్నం వేర్లు అందించగలిగిన దానికంటే ఎక్కువ నీటిని ఆకులు బాష్పోత్సేకం ద్వారా కోల్పోతాయి. ఆకులు వాలిపోతాయి, పత్రరంధ్రాలు మూసుకుంటాయి, ఎండ తగ్గాక మొక్క తనంతట తానే తేరుకుంటుంది. ఈ వాలుటను దాహంగా భావించి నేలలో తేమ ఉండగానే మళ్లీ నీరు పోస్తారు. తెల్లవారినా ఆకులు తేరుకోకపోతేనే నిజమైన ఆపద. అప్పుడు కూడా కారణం నేల ఎండిపోవడమే కానవసరం లేదు. నీరు నిలిచి వేర్లకు ప్రాణవాయువు అందకపోయినా మొక్క అలాగే వాలుతుంది. లక్షణం ఒక్కటే, చికిత్సలు పరస్పర విరుద్ధం. వేలిని రెండు అంగుళాల లోతుకు దించి చూస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో కూడా చూడాలి.

నేలలో నాటుకొని వేళ్లూనిన మొక్కకు రోజూ పైపైన చల్లే నీరు మేలు చేయదు. పైపొర మాత్రమే తడిసి వేర్లు అక్కడే మిగులుతాయి. ఎర్ర చల్కా నేలలో రెండు మూడు రోజులకు, నల్లరేగడిలో ఇంకా ఎడంగా, లోతుగా తడపడం మేలు. డాబాపై కుండీల సంగతి వేరు. నల్లని ప్లాస్టిక్ కుండీలోని మట్టి ఎండకు వేడెక్కి వేర్లను దెబ్బతీస్తుంది. చిన్న కుండీకి రెండు పూటలా నీరు అవసరం కావచ్చు. ఎండలో పడి ఉన్న గొట్టంలోని తొలి నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, దానిని పారబోసిన తర్వాతనే మొక్కకు పట్టాలి. కొబ్బరి పొట్టు, ఎండుటాకులు, వేరుశనగ పొట్టు వంటి ఆచ్ఛాదన తేమను నిలుపుతుంది, మట్టి వేడిని తగ్గిస్తుంది.

ఉష్ణోగ్రతను మాత్రమే చూసి నీటి మోతాదు చెప్పడమూ సరికాదు. పొడిగాలి వీచే అనంతపురంలో 40 డిగ్రీలు, సముద్రపు తేమ ఉండే మచిలీపట్నంలో 40 డిగ్రీలు మొక్కకు ఒకటి కావు. గాలిలో తేమ తగ్గేకొద్దీ ఆకుల నుండి నీటి నష్టం పెరుగుతుంది. రాష్ట్రమంతటికీ ఒకే కరపత్రం ముద్రించే అలవాటు ఇక్కడే విఫలమవుతుంది.

సులభమైన సలహానే జనం గుర్తుంచుకుంటారని కొందరు విస్తరణ శాస్త్రవేత్తలు వాదించవచ్చు. వేలితో తేమ చూడడం కంటే సులభమైనది ఏముంది? వేసవిలో ట్యాంకరు నీటిని కొనుక్కొనే ఇంటికి "రోజూ పోయండి" అన్నదే ఖరీదైన సలహా. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు ఉదయం, మధ్యాహ్నం కుండీ మట్టి ఉష్ణోగ్రతను కొలిచి నమోదు చేసినా స్థానిక సిఫారసుకు ఆధారం సమకూరుతుంది.

మధ్యాహ్నపు నీడకై కట్టిన నీడవలను తొలకరి పడి ఎండ తగ్గగానే తొలగించాలని కూడా ఆ కరపత్రంలోనే చేర్చాలి. ఆగస్టులోనూ వల కిందనే మిగిలిన మందార ఏపుగా ఆకులు వేసి పూలు ఇవ్వదు. అప్పుడు ఇంటివారు ఎరువుల దుకాణానికి బయలుదేరుతారు.