నాటినప్పుడు అందరం ఉన్నాం, ఎండినప్పుడు ఎవరున్నారు?



ఈద్ అయిన మూడోరోజు దమ్మామ్ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. సలాం అయింది, పిల్లల ఖైరియత్ అయింది. తర్వాత ఏమడుగుతాడో నాకు తెలుసు. "ఆపా, అమ్మీ చెట్టు ఒక్కసారి చూపించు." నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. నెలంతా రోజాలుండి, మూడు రోజులకే అబద్ధం ఆడాను.

పోయిన వానాకాలంలో, అమ్మీ ఇంతెఖాల్ అయ్యాక, వాడు సెలవు మీద వచ్చి మెదక్‌లో మా ఇంటి వెనక హిమాయత్ మామిడి అంటు నాటాడు. అమ్మీ పేరు మీద సదఖా-ఎ-జారియా అని నియ్యత్. ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వేసి ఫోటో దిగాం. వానలున్నన్ని రోజులు అల్లా నీళ్లిచ్చాడు. ఫిబ్రవరిలో బోరు సన్నబడింది. ఆ వెంటనే రంజాన్. సెహరీ, ఇఫ్తార్, తరావీహ్, పిల్లల ఈద్ బట్టలు... చెట్టు సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. ఈద్ రోజు పెరట్లోకి పోయి చూస్తే ఆకులు దోనెల్లా ముడుచుకుని, అంచులు మాడి ఉన్నాయి. మొదట్లో నేల చెయ్యి పట్టేంత పగిలింది.

మొక్క నాటితే, దాని పండు మనిషి తిన్నా పిట్ట తిన్నా నాటినవాడికి సదఖా అని హదీసులో ఉంది. ఆ మాట మన జల్సాల్లో, వాట్సాప్‌లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కానీ పండు రావాలంటే చెట్టు బతకాలి కదా! నాటడం ఒక్క పూట పని. రెండు ఎండాకాలాలు దాటించడం అసలు పని. ఆ పని దగ్గర ఫోటో తీసేవాళ్లుండరు.

సర్కారుకూ ఈ సంగతి అర్థమైంది. 2015లో హరితహారం మొదలైనప్పుడు నాటినవాటి లెక్కే వినిపించేది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం వచ్చాక, నాటినవాటిలో 85 శాతం బతకాలని రాసిపెట్టారు. చట్టం బతికినవాటిని లెక్కపెట్టమంటుంటే, మనం ఇంకా నాటినవాటినే లెక్కపెట్టుకుంటున్నాం.

సరే, నా చెట్టు దగ్గరికి వస్తాను. ఎండిన చెట్టును చూసి గుండె కలుక్కుమంటే మనం చేసే మొదటి పని బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించడం, రెండోది గుప్పెడు యూరియా చల్లడం. నేనూ యూరియా తెచ్చి చేత పట్టుకున్నాను. మా గల్లీలో తోటపని చేసే చాచా చూసి అరిచాడు. "అమ్మా, రోజా ఇప్పేటప్పుడు ముందు ఖజూర్ తింటవా, దేగ్ నిండా బిర్యానీ తింటవా? దానికీ అంతే!"

చాచా మాటలో నిజముంది. ఎండకు చెట్టు సన్న వేళ్లు చనిపోతాయి. నీళ్లు, ఎరువు తాగేవి ఆ వేళ్లే. ఎండిన వేళ్ల దగ్గర యూరియా పడితే ఉన్న నీటినీ లాగేసి ఇంకా మాడ్చుతుంది. రోజూ బురద చేస్తే మిగిలిన వేళ్లకు గాలి అందక కుళ్లుతాయి.

ఆయన ముందు గోటితో కొమ్మ బెరడు గీకాడు. కొస గోధుమరంగు, పెళుసు. కింద జానెడు దూరంలో గీకితే పచ్చగా కనబడింది. "జాన్ ఉన్నది" అన్నాడు. పచ్చదనం అంటు కట్టిన చోటికి పైన ఉందా లేదా అన్నది ముఖ్యం. అంటు కింది నుంచి వచ్చే చిగురు హిమాయత్ కాదు, కింది నాటు మామిడిది. దాన్ని గిల్లేయాలి.

తర్వాత చేసింది ఇంతే. మొదలుకు మూరెడు దూరంలో చుట్టూ పాదు చేసి, సాయంత్రం అసర్ తర్వాత రెండు బకెట్ల నీళ్లు మెల్లగా ఇంకేదాకా పోశాం. నాలుగు అంగుళాల లోతులో వేలుతో చూసి, తడి ఆరితేనే మళ్లీ పోశాం. మా మట్టికి నాలుగైదు రోజులు పట్టింది. ఇసుక నేలకు ఇంకా తొందరగా పోయాల్సి వస్తుంది. పాదు మీద వరిగడ్డి మందంగా పరిచి, కాండానికి తగలకుండా జానెడు వదిలాం. చెదలు పట్టకుండా వారానికోసారి గడ్డి ఎత్తి చూశాం. పడమటి ఎండకు పాత చాదర్ అడ్డం కట్టాం. ఎండిన కొమ్మలు కొయ్యలేదు, ఎరువు వెయ్యలేదు. అమ్మీ వాడిన పాత సురాహి ఒకటి మెడదాకా పాతి, నింపి మూత పెట్టాం. మట్టి సురాహి లోపలి నీళ్లను చెమటలా బయటికి వదులుతూ వేళ్లను తడుపుతుంది.

బోరు రాని రోజుల్లో నీళ్లెక్కడివి అంటారా? వుజూ నీళ్లు. ఇంట్లో నలుగురు, ఐదు పూటలు, మనిషికి లీటరున్నర చొప్పున రోజుకు 30 లీటర్లు. లోటాతో చేసి కింద తస్లా పెడితే ఒక్క చెట్టుకు కావలసినదానికంటే ఎక్కువే. ఆ నీళ్లు నాపాక్ కావు, సబ్బూ ఉండదు. మన హుజూర్ ఒక ముద్, అంటే లీటరు కూడా లేని నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. మనం నల్లా తిప్పి వదిలేస్తాం. ఒక మస్జిద్‌లో చూశాను: వుజూఖానా నీళ్లు కాలువ కట్టి మోరీలోకి పోతున్నాయి, పది అడుగుల దూరంలో సెహన్‌లో జామ చెట్టు ఎండిపోతోంది. ఇది ఇస్రాఫ్ కాక మరేమిటి?

నీళ్ల విలువ మెదక్‌వాళ్లకు ఒకరు చెప్పాలా? మంజీర మీద ఘనపురం ఆనకట్ట 1905 నాటిది. దాని కాల్వల పేర్లే మహబూబ్ నహర్, ఫతే నహర్. మన ఊరి పెద్ద చర్చి కరువులో ఆకలిగొన్న జనానికి కూలీగా తిండి దొరకాలని మొదలై, 1924లో పూర్తయింది. 2016లో సింగూరు ఎండి, మంజీర ఇసుక తేలితే మనమే కళ్లారా చూశాం. ఈ ఊళ్లో చెట్టు నాటేవాడు ఎండాకాలం వస్తుందని తెలియదంటే ఎవరు నమ్ముతారు?

అందుకే నా మాట ఒకటి. మస్జిద్‌లో, మదర్సాలో, షాదీలో మొక్కలు పంచండి, మంచిదే. కానీ మొక్కతో పాటు జిమ్మేదారీ కూడా పంచండి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోసేది ఎవరో పేరు రాసుకున్నాకే మొక్క చేతికివ్వండి. వంద నాటి తొంభై ఎండబెట్టే బదులు పది నాటి పదీ బతికించండి. మర్హూమ్‌ల పేరు మీద నాటిన చెట్టు మన దగ్గర అమానత్.

రోహిణి కార్తెలో, ఎనిమిది వారాల సబర్ తర్వాత, అంటుకు పైన మూడు ఆకులొచ్చాయి. రాగి రంగులో, చిటికెన వేలంత. ఆ రాత్రి నేనే దమ్మామ్‌కు కాల్ చేసి ముందు అబద్ధానికి మాఫీ అడిగాను. తర్వాత ఫోన్ చెట్టు వైపు తిప్పాను. తమ్ముడు చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "రేపు నీళ్లు ఎవరి బారీ, ఆపా?" అన్నాడు.

నాదే అన్నాను.