ప్రోగ్రాం ఎవరి తలలో ఉంటుంది?

పక్కనే వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చాక, చక్రాయపేట లాంటి చోట కూడా 'మా అమ్మాయి సాఫ్ట్‌వేర్' అన్న మాట మామూలైపోయింది. సంతోషమే. కానీ ఎంతమంది చేరారన్న లెక్కే తప్ప, పదిహేనేళ్ల తర్వాత ఎంతమంది ఇంకా కోడ్ రాస్తున్నారని ఎవరడుగుతున్నారు?

సాఫ్ట్‌వేర్ అంటే ఎప్పుడూ కొత్తది రాయడమేనని బయట అపోహ. బ్యాంకుదో, బీమా కంపెనీదో పెద్ద ప్రోగ్రాం ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. అందులో ఫలానా షరతు ఎందుకుందో, తీసేస్తే ఏ మూల లెక్క తప్పుతుందో కాగితాల్లో దొరకదు. దానితో ఏళ్ల తరబడి వేగినవాళ్లకే తెలుస్తుంది. తయారుచేసిన బృందం చెదిరిపోతే ప్రోగ్రాం చచ్చినట్టేనని, పత్రాలు చదివి దాన్ని బతికించలేమని డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లోనే వాదించాడు.

హైదరాబాదుకి ఇది పుస్తకాల సంగతి కాదు. 1990ల చివర్లో అమీర్‌పేటలో మనవాళ్లు కోబాల్ ఎందుకు నేర్చుకున్నారు? సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన పాత ప్రోగ్రాములు 2000లో తప్పు లెక్కలు చెప్తాయన్న భయంతోనే కదా అమెరికా కంపెనీలు పిలిచింది! వాటి లోగుట్టు తెలిసినవాళ్లు చాలాచోట్ల అప్పటికే వెళ్లిపోయారు. ఆ కొరత మీద ఎదిగిన పరిశ్రమే ఇవాళ తన దగ్గరున్న అనుభవాన్ని చేజేతులా పారేసుకుంటోంది.

2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల సెలవిచ్చారు. యాభైమంది పనిచేసేచోట శిశుగృహం ఉండాలన్నారు. మంచిదే. అయితే తిరిగొచ్చిన ఆమెకి ఉద్యోగం ఉంటుంది, ఏళ్లుగా సాకిన ప్రాజెక్టు ఉండదు. రెండు వారాల 'కేటీ' తంతులో ఆమెకి తెలిసిందంతా ఇంకొకరి తలలోకి ఒంపేశామని రాసుకుంటారు. మూడేళ్లు ఇంట్లో ఉండి వస్తే మరీ ఘోరం. 'గ్యాప్ ఎందుకొచ్చింది?' అన్నదే మొదటి ప్రశ్న. గ్యాప్‌కి ముందున్న పదేళ్ల మాటేమిటి? కొత్త టూలు నాలుగు నెలల్లో వస్తుంది. పదేళ్లలో అర్థమైన వ్యవస్థ నాలుగు నెలల్లో వస్తుందా? ఇప్పుడు కోడ్ యంత్రమే రాస్తుందిగా అంటున్నారు. అది రాసింది పాతదానితో ఎక్కడ పొసగదో పట్టుకునేదెవరు?

ఏ డబ్బాలో ఏముందో, ఎవరికి ఏ మందు పడదో గుర్తుపెట్టుకోవడాన్ని పనిగా ఒప్పుకోని సమాజమిది. కొత్తది కట్టేవాడు 'ఆర్కిటెక్ట్', ఉన్నది కూలకుండా చూసే ఆమె 'సపోర్ట్' కావడంలో వింతేముంది?

ఒక వ్యవస్థతో గడిపిన ఏళ్లని పదోన్నతిలో లెక్కకట్టాలి. మేనేజరు కాకుండానే ఎదిగే దారి ఉండాలి. సెలవు నుంచి వచ్చిన ఆమెని సగంరోజు పనికైనా తన ప్రాజెక్టులోకే తీసుకోవాలి. వెళ్లిపోయే ఆమె చేత 'కుటుంబ కారణాలు' అని రాయించుకునే కంపెనీ, ఆ తర్వాత ఆ ప్రాజెక్టులో పెరిగిన తప్పుల ఖర్చుని కూడా ఆ కాగితం మీదే రాయాలి.